మెమోల భయంతో నోరు మూసుకునే వార్డులు

సంపాదకులకు నమస్కారం.

ఆస్పత్రి సిబ్బంది నిర్లక్ష్యం గురించి తరచూ వార్తలు వస్తుంటాయి. ఆ సిబ్బందితో పై అధికారులు ఎలా వ్యవహరిస్తున్నారో మాత్రం ఎవరూ అడగరు. చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఈ రెండూ వేరువేరు సంగతులుగా కనిపించవు.

రోగుల ముందే కేకలు వేయడం, చిన్న పొరపాటుకూ మెమో ఇస్తామని బెదిరించడం, ఎదురు చెప్పినవారికి వరుసగా నైట్ డ్యూటీలు వేయడం క్రమశిక్షణ పేరుతో సాగిపోతున్నాయి. ఇలా నలిగినవారు ముందుగా మానేసేది ప్రశ్నలు అడగడం. కేస్ షీటులో రాసిన మోతాదు మీద అనుమానం వచ్చినా, అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేస్తే ఏమంటారోనని తటపటాయిస్తారు. జ్వరంతోనే డ్యూటీకి వస్తారు. తోటివారికి సాయపడబోయి తిట్లు తినడమెందుకని తమ పని వరకే చూసుకుంటారు. కొందరు తమకు పడిన తిట్లను ఆయాల మీద, రోగుల బంధువుల మీద దించుకుంటారు. అనుభవజ్ఞులు ఉద్యోగం వదిలి వెళ్లిపోతారు.

అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, నాయకత్వం బాగున్న నర్సింగ్ బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివారు తప్పును దాచకుండా చెప్పుకోగలగడమే దానికి కారణమని ఆమె వివరించారు. కాబట్టి 'మా దగ్గర పొరపాట్లే లేవు' అని చెప్పుకునే వార్డును చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది. 2015లో వెలువడిన మరో అధ్యయనంలో ఇజ్రాయెల్ పరిశోధకులు నవజాత శిశువుల అత్యవసర వైద్య బృందాలను ఒక నమూనా కేసుతో పరీక్షించారు. బయటి నిపుణుడొకరి నుంచి కాస్త కించపరిచే మాటలు విన్న బృందాలు రోగ నిర్ధారణలోనూ చికిత్సలోనూ వెనకబడ్డాయి. ఒక్కసారి విన్న మాటలే ఇంత పని చేస్తే, రోజూ అవే వినేవారి సంగతేమిటి?

బ్రిటన్‌లోని స్టాఫర్డ్ ఆస్పత్రిలో 2005-2009 మధ్య రోగులు పడిన అవస్థలపై 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక, లక్ష్యాల వెంటపడిన యాజమాన్యాన్నీ సిబ్బందిలో పేరుకున్న భయాన్నీ గట్టిగా ఎత్తిచూపింది.

చేతులు కడుక్కోకుండా రోగిని తాకినవారికి గట్టిగా చెప్పాల్సిందే. నేనూ చెప్పాను. పడకలు చాలక, మనుషులు చాలక పై అధికారులు పడే ఒత్తిడీ నాకు తెలుసు. అయినా మనిషిని అవమానించే హక్కు దానివల్ల రాదు.

పొరపాట్ల నివేదికలు, తిట్టే అధికారి బల్ల మీదుగా కాకుండా వేరే విభాగానికి నేరుగా చేరాలి. వార్డు పర్యవేక్షకుల పదోన్నతికి ముందు వారి కింద పనిచేసినవారి అభిప్రాయాన్ని పేరు బయటపడకుండా తీసుకోవాలి. ఒకే అధికారి కింద ఉద్యోగాలు మానేస్తున్నవారి సంఖ్య పెరుగుతుంటే, ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్లు పెరిగినప్పుడు జరిపినట్టే విచారణ జరపాలి.

— ఒక విశ్రాంత నర్సు