చెయిన్ పట్టుకునే అన్నయ్యకి

అందరికీ నమస్కారం. ఈ పోస్ట్ ఎప్పుడో పెట్టాల్సింది. రోజూ రాత్రి మొదలుపెట్టడం, రెండు లైన్లు రాసి ఫోన్ చేతిలోనే పట్టుకుని నిద్రపోవడం. ఇవాళ పూర్తి చేసే పడుకుంటాను. తప్పులుంటే క్షమించండి, పదహారు రోజులుగా నా బుర్ర నా దగ్గర లేదు.

ముందు అసలు సంగతి. ఆటలో మెడకి దెబ్బ తగిలిన మా చిన్నోడు బాగున్నాడు. చేతులు కదులుతున్నాయి, నడుస్తున్నాడు, నిన్న రిమోట్ కోసం వాళ్ల అక్కతో కొట్లాడాడు కూడా. మెడకి కాలర్ ఇంకో నాలుగు వారాలు ఉంటుందన్నారు. ఫోన్లు చేసి, నేను ఎత్తక కంగారుపడ్డ వాళ్లందరికీ సారీ.

తెలియనివాళ్లకి చెబుతున్నా. మేము డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. వాడు హైస్కూల్ ఆఖరి ఏడాది. స్కూల్ టీములో ఫుల్‌బ్యాక్. మనం ఇంటి దగ్గర ఆడే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికా ఫుట్‌బాల్. ఫుల్‌బ్యాక్ అంటే ఏందని మా అమ్మ సికింద్రాబాద్ నుంచి అడిగితే నాకు ఒక్కటే తోచింది. బోనాలప్పుడు ఘటం ముందు పోతరాజు కొరడా ఝళిపిస్తూ జనాన్ని పక్కకి జరుపుతాడు కదా, ఆ పని. బంతి పట్టుకుని ఉరికేవాడు వెనకాల వస్తుంటాడు. వాడికి దారి చేయడానికి వీడు ముందు పోయి ఎదురొచ్చినవాణ్ని గుద్దాలి. "పోతరాజుకి మెడలో దండలన్నా ఏస్తరు. వీనికేమేస్తరు?" అంది అమ్మ. ఏమీ వేయరమ్మా.

నేను మొదట్నుంచీ వద్దనే అన్నాను. వాడు నన్ను ఒప్పించిన తీరు కూడా చెప్పాలి. శాన్ ఫ్రాన్సిస్కో టీములో కైల్ యూజ్‌చెక్ అని ఒక ఫుల్‌బ్యాక్ ఉన్నాడు. 44వ నంబరు జెర్సీ. ఆయన చదివింది హార్వర్డ్‌లో, అదీ ఎకనామిక్స్. 2013లో బాల్టిమోర్ టీము వాళ్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో తీసుకున్నారు, 2017 నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఆడుతున్నాడు. "హార్వర్డ్ అమ్మా, హార్వర్డ్" అన్నాడు వీడు. తెలుగు తల్లి దగ్గర ఏ బటన్ నొక్కాలో వీడికి బాగా తెలుసు. సంతకం పెట్టాను.

ఆ శుక్రవారం రాత్రి మూడో క్వార్టర్. వీడు తల వంచి గుద్దాడు, ఇద్దరూ పడ్డారు, అవతలివాడు లేచాడు. స్టేడియం అంతా ఒక్కసారి సైలెంట్ అయిపోయింది. రెండు చేతులూ తిమ్మిరెక్కి కదలడం లేదని అరుస్తున్నాడట. నాకు పైన స్టాండ్స్‌లోకి ఏమీ వినపడలేదు. మెట్లు దిగి వచ్చేసరికి వాడితోపాటు అసిస్టెంట్ కోచ్ ఎక్కేశాడు, అంబులెన్స్ తలుపులు పడిపోయాయి. నా చేతిలో కారు తాళాలు గలగలమంటున్నాయి, ఆపుదామంటే చేయి ఆగట్లేదు.

అప్పుడు వచ్చాడు ఆయన. గ్రౌండ్ అంచున పది గజాలు కొలిచే చెయిన్ కర్రలు పట్టుకుని ముగ్గురు నిలబడతారు, చూసే ఉంటారు. అందులో ఒకరు. నల్లజాతి మనిషి, యాభై అయిదేళ్లుంటాయి, తలుపుకి అడ్డం నిలబడితే వెలుతురు రాని విగ్రహం. మూడేళ్లుగా ప్రతి ఆటలో చూస్తున్నా, ఒక్కసారీ పలకరించలేదు. చేతిలో కర్ర పక్కవాడికిచ్చి నేరుగా నా దగ్గరికొచ్చి, "మ్యామ్, తాళాలు ఇటివ్వండి. మీ కారు నేను నడుపుతా. రేపు పొద్దున మీకు కారు కావాలి కదా" అన్నాడు. తన ట్రక్కు అక్కడే వదిలేశాడు.

దారంతా ఒకటే మాట. "కుడి మోకాలు కదిపాడు. నేను పక్కనే ఉన్నా. నా కళ్లతో చూశా." సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ అదే. "ఎడమది కూడా కదిపాడు." నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆయనే ప్రతి రెండు నిమిషాలకోసారి చెప్పాడు.

ఆ రాత్రి హాస్పిటల్‌లో ఆయన చేతులు చూశాను. కుడిచేతి చిటికెన వేలు పూర్తిగా పక్కకి తిరిగి ఉంది. ఉంగరం వేలు ముడుచుకోదు. కాఫీ కప్పు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చిన్నపిల్లలు పాలగ్లాసు పట్టుకున్నట్టు తాగుతున్నాడు. అడిగితే నవ్వి, "నేనూ ఫుల్‌బ్యాకే" అన్నాడు.

తొంభైల్లో రెండు సీజన్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడాడట. రెండేళ్లలో బంతి తన చేతికి వచ్చింది ఏడుసార్లు. మిగతా అంతా వెనకవాడి కోసం గుద్దడమే. మూడో ఏడాది క్యాంప్‌లో మోకాలు పోయింది. అక్కడ మూడు సీజన్లు లెక్కలోకి వస్తేనే పెన్షన్ అట. ఈయనకి రెండు. కాబట్టి సున్నా. వేళ్లు ఈయనవి, మోకాలు ఈయనది, లెక్క మాత్రం వాళ్లది. ఆయన ఇదంతా నవ్వుతూనే చెప్పాడు, మండింది నాకు.

నన్ను మాటల్లో పెట్టడానికి డారిల్ జాన్‌స్టన్ కథ ఎత్తుకున్నాడు. ఆ లీగ్‌లో డల్లాస్ కౌబాయ్స్ టీముకి 1989 నుంచి 1999 దాకా ఫుల్‌బ్యాక్, 48వ నంబరు. మూడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. ముద్దుపేరు 'మూస్'. బంతి ఆయన చేతికి రాగానే స్టేడియం అంతా 'మూ...స్' అని దీర్ఘం తీసేదట, కొత్తవాళ్లు వెక్కిరిస్తున్నారేమో అనుకునేవాళ్లట. ఆయన వెనక ఉరికినవాడు ఎమ్మిట్ స్మిత్. కెరీర్ మొత్తం మీద బంతితో ఉరికింది 18,355 గజాలు, ఇప్పటికీ రికార్డు అదే. మరి జాన్‌స్టన్ బంతి పట్టుకుని ఉరికినవి? పదకొండు సీజన్లలో 753. చివరికి మెడ దెబ్బతోనే ఆట మానేశాడు.

2010లో ఎమ్మిట్ స్మిత్‌ని గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు ఇచ్చిన స్పీచ్ ఫోన్లో పెట్టి చూపించాడు. తెల్లవారుజామున మూడయింది. అంత పెద్ద ఆటగాడు మైకు ముందు నిలబడి జాన్‌స్టన్ పేరు చెబుతూ ఏడుస్తున్నాడు. నన్ను సొంత తమ్ముడిలా కాచుకున్నావు, నువ్వు లేకపోతే నాకీ రోజు లేదు అని. నా పక్కనున్నాయన స్క్రీన్ వైపు చూడట్లేదు. మాటలన్నీ కంఠతా వచ్చు కాబోలు, గోడ వైపు చూస్తూ పెదాలు కదుపుతున్నాడు.

తమాషా ఏంటంటే ఆ కౌబాయ్స్ అప్పట్లో రోజూ ప్రాక్టీస్ చేసింది మా ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లోనే. 2016 దాకా వాళ్ల ఆఫీసూ గ్రౌండూ అక్కడే ఉండేవి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా తెలుగు వినపడుతుంది. మనం వచ్చింది ఎవరి ఊరికో మనకే తెలియదు.

ఆయన కాఫీకి వెళ్లినప్పుడు గూగుల్ తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. కెవిన్ టర్నర్ అని ఇంకో ఫుల్‌బ్యాక్. న్యూ ఇంగ్లండ్‌కి, ఫిలడెల్ఫియాకి కలిపి ఎనిమిది సీజన్లు ఆడాడు. 2010లో ఏఎల్‌ఎస్ (కండరాలు మెల్లగా చచ్చుబడే నరాల జబ్బు) అన్నారు, 2016లో పోయాడు, 46 ఏళ్లకి. తలదెబ్బల గురించి లీగ్ మీద మాజీ ఆటగాళ్లు వేసిన కేసులో ముందు నిలబడ్డవాళ్లలో ఆయనొకడు. పోయాక మెదడు పరీక్షిస్తే సీటీఈ అని తేలింది, తలకి దెబ్బ మీద దెబ్బ తగలడం వల్ల వచ్చే జబ్బు. చెయిన్ ఆయన కాఫీతో తిరిగొచ్చి నా మొహం చూసి, ఫోన్ మెల్లగా తీసుకుని కుర్చీ మీద బోర్లా పెట్టాడు. ఏం చదివావని అడగలేదు.

ఇప్పుడు ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం. శుక్రవారాలు నాకు ఒక్కపొద్దు. ఆ రోజు ఆట చూసొచ్చి తినాల్సింది, ఇక తినలేదు. ఆయన మెషీన్‌లోంచి రెండు బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చి ఒకటి నాకిచ్చాడు. ఉపవాసం అన్నాను. ఎందుకు, ఏమిటి అనలేదు. తన ప్యాకెట్ కూడా జేబులో పెట్టుకున్నాడు. అయిదింటికి డాక్టర్ వచ్చి, ఎముక విరగలేదు, చేతుల్లో బలం తిరిగొస్తోంది, ఆపరేషన్ అవసరం లేదు అని చెప్పి వెళ్లాక, "ఇప్పుడు తినొచ్చా మనం?" అన్నాడు. ప్యాకెట్ తీశాడు. ఆ వేళ్లతో చించలేకపోయాడు. ఒక మూల పట్టుకున్నాడు, జారింది, పళ్లతో ప్రయత్నించాడు, రాలేదు. నేను తీసుకుని చించి ఇచ్చాను. అంతవరకూ గడ్డకట్టినట్టున్న దాన్ని, అప్పుడు ఏడ్చాను. చాలాసేపు. ఆయన ఒక్కొక్క బిస్కెట్టే తింటూ కూర్చున్నాడు, ఏడవొద్దు అనలేదు.

ఆరింటికి వాళ్లమ్మాయికి ఫోన్ చేసి రమ్మని వెళ్లిపోయాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. నాకు మాత్రం అన్నయ్యే.

మావాడిక ఆడలేడు. వెన్నుపాము ఉండే దారి పుట్టుకతోనే సన్నగా ఉందట, ఇంకోసారి ఇలా తగిలితే చేతులు తిరిగిరావన్నారు. మూడు రోజులు మాట్లాడలేదు వాడు. నాలుగో రోజు అన్నయ్య ఇంటికొచ్చి గదిలో తలుపేసుకుని నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు, అడిగితే ఇద్దరూ చెప్పరు. బయటికొచ్చి దోసె అడిగాడు వాడు.

ఇన్సూరెన్స్ గురించి రాయకూడదనుకున్నా. రాస్తా. ఆ అంబులెన్స్ మా ఇన్సూరెన్స్ వాళ్ల నెట్‌వర్క్‌లో, అంటే వాళ్లతో ఒప్పందం ఉన్నవాళ్ల జాబితాలో లేదట. అంటే గ్రౌండ్ మధ్యలో పడున్న పిల్లాడు లేచి, మీరు మా నెట్‌వర్కేనా అని అడగాలన్నమాట. అనుకోని బిల్లుల నుంచి కాపాడే చట్టం 2022లో వచ్చింది కదా అని అడిగితే, అది హెలికాప్టర్‌కి వర్తిస్తుందట, రోడ్డు మీద పోయే బండికి వర్తించదట. టెక్సస్ చట్టం? మా ఆయన కంపెనీ ప్లాన్‌కి అదీ వర్తించదు. రెండో ఎంఆర్‌ఐకి ముందస్తు అనుమతి కోసం పదకొండు రోజులు. రోజూ అదే మ్యూజిక్, ప్రతిసారీ కొత్త మనిషి, మళ్లీ మొదట్నుంచి కథ. "మెడ అంటున్నారు, ఏ వైపు మెడ మ్యామ్?" అని అడిగాడొకాయన. ఇలాంటి కేసుల్లో అప్పీల్ చేసి గెలిచినవాళ్లుంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి.

మా ఆయన షికాగో నుంచి మొదటి ఫ్లైట్‌కి వచ్చేశారు. అత్తయ్య, మా అమ్మాయి ఇల్లు చూసుకున్నారు. తమ్ముడు ఆస్టిన్ నుంచి రెండుసార్లు వచ్చాడు. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

మొన్న ఆదివారం అన్నయ్యకి పులిహోర చేసి స్టీలు డబ్బాలో ఇచ్చాను. బుధవారం డబ్బా కడిగి తెచ్చిచ్చాడు, నిండా వాళ్ల పెరట్లో చెట్టు పీకాన్లు, అక్రోటులాంటి గింజలు. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని ఆయనకి ఎవరు నేర్పారో.

ఎడిట్: అయ్యో, స్కూల్ ట్రెయినర్ అమ్మాయిని మర్చిపోయాను! హెల్మెట్ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, వాడి తల రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, ముందున్న జాలీ మాత్రం విప్పించింది. అదే కాపాడిందన్నారు డాక్టర్లు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. చల్లగా ఉండమ్మా.

ఎడిట్ 2: గుళ్లో వాడి పేరు మీద అర్చన చేయించిన ఆంటీకి, నాలుగు రోజులు క్యారేజీ పంపిన కింది ఫ్లాట్ వాళ్లకి, వీడు గుద్దిన ఆ అవతలి టీము పిల్లాడికి కూడా థాంక్స్. హాస్పిటల్‌కి వాళ్ల నాన్నతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చాడు, పాపం.

ఎడిట్ 3: పీకాన్లు పగలగొట్టడం ఎలాగో చెప్పండి. గూటంతో కొడితే పప్పంతా పొడైపోతోంది.