ఫ్రీజర్‌లో రూపాయి బిళ్ల పెట్టిన అక్కకు

నిన్న సాయంత్రం ఆఖరి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ప్రోటీన్) టెస్టు ప్లేటు చదవడం అయిపోయింది. మొత్తం 108 శాంపిళ్లు, మూడు ప్లేట్లు. కళ్లు మండుతున్నాయి, రిపోర్టు ఇంకా మొదలే పెట్టలేదు. అయినా ముందు ఈ థాంక్స్ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఎంబీబీఎస్ విద్యార్థులు రెండు నెలల్లో సొంతంగా ఒక పరిశోధన చేసేందుకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1979 నుంచి ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) అనే పథకం నడుపుతోంది. నాది ఆ ప్రాజెక్టే. ఇక్కడ బెంగళూరులో మా ఓపీకి వచ్చే టైప్ 2 షుగర్ పేషెంట్లలో రక్తహీనత ఎంతమందికి ఉంది, వాళ్లలో ఐరన్ తక్కువైనవాళ్లు ఎందరు అన్నది ప్రశ్న. గైడ్ మేడమ్‌కు నమస్కారాలు. అమ్మా, నాన్నా, తమ్ముడూ, మీకు వేరే చెప్పాలా!

చెప్పాల్సింది సెంట్రల్ ల్యాబ్‌లోని టెక్నీషియన్ అక్కకు. మదనపల్లె వైపు మనిషి. పేరు రాయొద్దన్నారు. మా డిపార్ట్‌మెంట్ కాదు, నాకు నేర్పాల్సిన పని ఆమెకు లేదు, మొదటి రోజు దాకా నేనెవరో కూడా తెలియదు.

ఆ రోజు పేషెంట్లను నేను "పరగడుపునే వచ్చారా" అని అడుగుతుంటే అక్క పక్కనుంచి, "అట్ల కాదు నాయనా, కాఫీ తాగినారా అని అడుగు" అన్నారు. హిందూపురం నుంచో చింతామణి నుంచో మొదటి బస్సెక్కి వచ్చేవాళ్లకు పరగడుపు అంటే టిఫిన్ తినకపోవడం. కాఫీ లెక్కలోకి రాదు. ప్రశ్న మార్చగానే మొదటి పదిమందిలో ముగ్గురు తాగామని ఒప్పుకున్నారు. వాళ్ల ఫాస్టింగ్ షుగర్ అంకె అలాగే ఎక్సెల్‌లోకి వెళ్లిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు.

తర్వాత గొట్టాలు. ముందు పసుపు మూత, తర్వాత ఊదా మూత, చివర్న బూడిద మూత. క్రమం తప్పితే ఊదా గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ, పసుపు గొట్టంలోని సీరంలోకి (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) చేరి పొటాషియం పెరిగినట్టు, కాల్షియం తగ్గినట్టు చూపిస్తుంది. ఊదా, బూడిద గొట్టాలను ఎనిమిది పది సార్లు మెల్లగా తిరగేయాలి. కుదిపితే కణాలు పగులుతాయి, తిరగేయకపోతే సన్నటి గడ్డలు కట్టి ప్లేట్‌లెట్ కౌంట్ తప్పుగా పడిపోతుంది. పసుపు మూత గొట్టాన్ని అరగంట నిలబెట్టాకే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పాలి. తొందరపడితే సీరంలో ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే పోగులు) తీగపాకంలా సాగి పిపెట్ మూతికి అడ్డం పడుతుంది. కోడ్ నంబరు గొట్టం ఒంటిమీద రాయాలి, మూతమీద ఎప్పుడూ వద్దు. మూతలు మారిపోతాయి.

ఒకసారి రెండు గొట్టాలను ట్యూబ్‌లైటుకు ఎత్తి చూపించారు. ఒకటి లేత గడ్డిరంగు, ఇంకోటి దానిమ్మ గింజలు కడిగిన నీళ్లలా ఉంది. రెండోది నేను తీసిందే. స్పిరిట్ ఆరకముందే గుచ్చాను, సిరంజి నుంచి గొట్టంలోకి బలంగా నెట్టాను, కణాలు పగిలిపోయాయి. అక్క తిట్టలేదు. "ఇది ఫెరిటిన్‌కు పెట్టొద్దులే, రేపు ఆయమ్మ మందులకు వస్తుంది, అడిగి మళ్లీ తీద్దాం" అన్నారంతే.

అసలు ప్రాజెక్టు నిలబడింది కిట్ ఆర్డర్ దగ్గర. ఫెరిటిన్ కొలిచే ఎలైజా పరీక్ష ప్లేటుకు 96 గుంటలు కదా, 108 మందికి రెండు ప్లేట్లు చాలనుకున్నాను. అక్క పాత రిజిస్టర్ వెనక లెక్క వేశారు. పోల్చడానికి మోతాదు తెలిసిన స్టాండర్డ్‌లు ఏడు, ఏమీ లేని బ్లాంక్ ఒకటి, పరీక్ష సరిగ్గా నడిచిందో చూసే కంట్రోల్‌లు రెండు, ప్రతిదీ జంటగా పెడితే 20 గుంటలు అక్కడే పోతాయి. మిగిలిన 76లో శాంపిళ్లు కూడా జంటగా పెడితే ప్లేటుకు 38 మందే. మూడు ప్లేట్లు ఉంటే 114 మంది దాకా సరిపోతారు. అన్నీ ఒకే లాట్‌వి (ఒకే విడతలో తయారైనవి) కావాలి, కాబట్టి ఒకేసారి తెప్పించాలి. రెండే తెప్పించి ఉంటే చివరి 32 మంది సీరం ఫ్రీజర్‌లోనే ఉండిపోయేది.

ఆ ఫ్రీజర్ సంగతే అసలు సంగతి. సీరాన్ని ఒక్కొక్కరిది రెండు చిన్న వయల్స్‌లో పంచి మైనస్ 20లో దాచాం. ఒకటి పాడైనా రెండోది ఉండాలి, కరిగించి మళ్లీ గడ్డకట్టించే పని రాకూడదు. మొదటి వారమే అక్క ఒక ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి, మా డబ్బా పక్కన ఉంచారు. రాత్రి కరెంటు పోయి లోపల అంతా కరిగి మళ్లీ గడ్డకట్టినా పొద్దున డిస్‌ప్లే మైనస్ 20 అనే చూపిస్తుంది. బిళ్ల మాత్రం అడుగుకు దిగిపోయి ఉంటుంది. రెండు నెలలూ అది పైనే ఉంది.

నిన్న ప్లేటు అయ్యాక అక్క ఒక చిన్న నోటుబుక్కు చేతిలో పెట్టారు. పొద్దున, సాయంత్రం ఫ్రీజర్ టెంపరేచర్, తేదీలతో సహా. ఒక్క గడి ఖాళీ లేదు. ఆదివారాలు కూడా. "రిపోర్టులో మైనస్ 20 అని రాస్తావు కదా, ఎవరన్నా అడిగితే చూపించు" అన్నారు. నేనెప్పుడూ అడగలేదు. ఆ పని ఉంటుందనే నాకు తెలియదు. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను, గొంతు పెగల్లేదు. అక్క మాత్రం "తిన్నావా" అని అడిగి డబ్బా తెరిచారు.

అక్క కాంట్రాక్టు ఉద్యోగి. మా కాలేజీ ఫారంలో విద్యార్థికి ఒక గడి, గైడ్‌కు ఒక గడి, హెచ్‌ఓడీకి ఒక గడి. టెక్నీషియన్‌కు లేదు. పేపరుగా వేస్తే కృతజ్ఞతల్లో పేరు పెట్టొచ్చు, దానికీ ఆమె అనుమతి కావాలి, అడుగుతూనే ఉంటాను. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది, ప్రాజెక్టుకేమో ఇచ్చేది రెండు నెలలు, కమిటీ అనుమతి ఉత్తరం చేతికి రాకుండా ఒక్క చుక్క రక్తం తీయకూడదు. తీయకూడదన్నది న్యాయమే. నెలకోసారి కూర్చుంటే ఏం పోతుందో మరి. స్టైపెండ్ రిపోర్టు ఒప్పుకున్నాకే వస్తుంది, కిట్లు మాత్రం ముందే కొనాలి.

అయ్యో, స్టాటిస్టిక్స్ సార్! ఫలితం అసలు అంకెకు 5 శాతం తేడాలోపు ఉండాలంటే 385 మంది కావాలి, రెండు నెలల్లో కాని పని, 10 శాతానికి 97 చాలన్నది ఆయనే. మధ్యలో మానేసేవాళ్ల కోసం 97కు పది శాతం కలపకూడదు, 0.9తో భాగించాలని చెప్పిందీ ఆయనే. 108 అలా వచ్చింది. సమ్మతి పత్రం కన్నడలో రాసిన రూమ్మేట్‌కు, అర్థం మారలేదని తేల్చడానికి అసలు ఇంగ్లీషు పత్రం చూడకుండా దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చిన సీనియర్‌కు థాంక్స్. "ఏడు మిల్లీలీటర్లు" అంటే భయపడుతున్నవాళ్లకు "టీ చెంచాన్నర" అని చెప్పమన్న నర్సు ఆంటీకి కూడా. పేషెంట్లను ఇంత కిందికి నెట్టేశాను, తప్పే. 108 మందికీ దండాలు.

ఇంకొకటి. నోటుబుక్కులో ఆదివారం గళ్లలో అంకెలు కన్నడలో ఉన్నాయి, చేతిరాత వేరు. ఇందాకే ఫోన్ చేసి అడిగాను. నైట్ సెక్యూరిటీ తాతట.