విషయం: 20 అడుగుల పైపులకు 7 అడుగుల బండి, వినకుండానే మూసేసిన మా ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం అధిపతి గారికి,

చిన్న బండి పంపారని కాదు ఈ ఉత్తరం. రవాణాలో అలాంటివి జరుగుతుంటాయి. తప్పు జరిగిందని చెబుతుంటే మీ వాళ్లలో ఒక్కరూ చివరిదాకా వినలేదు, అదీ మా బాధ.

బుకింగ్‌లోనే రాశాం: 20 అడుగుల ఇనుప పైపులు, 600 కిలోలు. వచ్చిన బండి బాడీ 7 అడుగులు. ఫోన్ చేస్తే, "మా బండి 750 కిలోలు మోస్తుంది సార్, మీవి 600 కిలోలే కదా" అన్నారు. పొడవు గురించి చెప్పబోతే మళ్లీ బరువే అడిగారు.

సరే, బరువు సంగతే చూద్దాం. పైపుల బరువు నడిమధ్యన, 10 అడుగుల దగ్గర ఉంటుంది. క్యాబిన్‌కు ఆనించి పేర్చినా ఆ మధ్యభాగం బాడీ దాటి 3 అడుగులు బయటే. వెనక ఇరుసు బాడీ చివరకు సుమారు 2 అడుగులు ఇవతల ఉంది కాబట్టి ఇరుసుకు 5 అడుగులు వెనక. రెండు ఇరుసుల మధ్య దూరం 7 అడుగులు. అంటే ముందు చక్రాల మీద దాదాపు 430 కిలోల భారం తగ్గి, వెనక ఇరుసు మీద అదనంగా 1030 కిలోలు పడుతుంది. ఇక స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. పైపులు వెనక్కి ఒరగకుండా ముందు కొసలను కట్టిన తాడు 250 కిలోలకు పైగా లాగుడు ఆపాలి. పైగా కొత్త పైపులకు నూనె జిడ్డు. పైనుంచి తాడు ఎంత బిగించినా కట్ట నడుమ పైపులు జారుతూనే ఉంటాయి. చుట్టూ తిప్పి బిగించాలి. ఇదంతా వినడానికి ఓపిక ఎవరికి?

రెండో ఆయన, "డ్రైవర్‌కు అభ్యంతరం లేదు కదా?" అన్నారు. మూడో ఆయన పైపులు కాస్త వంచి పెట్టించమన్నారు! తర్వాత ఫొటో అడిగారు. పంపాం. "పైపుల చివర కనబడటం లేదు, మళ్లీ పంపండి" అని జవాబు. బండిలో పట్టనివి ఫొటోలో మాత్రం ఎలా పడతాయండీ? ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్. పైపులేమో మా గేటు దగ్గరే దించి ఉన్నాయి.

ఏళ్లుగా మా సరుకంతా మీకే ఇస్తున్నాం. ఆ మాత్రం మొహమాటమైనా లేదా మీకు? కిరాయి వెనక్కి ఇస్తారో, సరైన లారీ పంపుతారో మీ ఇష్టం. బుకింగ్‌లో పొడవు అడిగే గడి మాత్రం పెట్టండి. వారంలోగా పేరున్న మనిషి ఎవరూ ఫోన్ చేయకపోతే వినియోగదారుల కమిషన్‌కూ, రవాణా శాఖకూ ఇదే లెక్కతో వెళ్తాం. మీ "పరిష్కరించబడింది" మెసేజ్‌నూ సాక్ష్యంగా జత చేస్తాం.

ఇట్లు,
ఇంకా మీ కస్టమరే