గెడ్డ హద్దులు ముందు తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

మేఘాద్రిగెడ్డ జలాశయం పూర్తి మట్టం 61 అడుగులని విశాఖలో చాలామందికి నోటికి వచ్చు. వేసవిలో ఆ లెక్క మీదే మన కుళాయిలు నడుస్తాయి మరి. కానీ వానాకాలంలో గేట్లెత్తితే ఆ నీరు దిగువన ఏ వీధి దాకా వస్తుందో చూపే పటం మాత్రం సామాన్యుడి కంటపడదు. గెడ్డ, అంటే ఆ వాగు, విమానాశ్రయం పక్కగా వెళ్లి ఓడరేవు వైపు దిగుతుంది. 1933లో తెరిచిన ఆ రేవే చిత్తడి నేలను తవ్వి కట్టినది. పై నుంచి వరద వచ్చే వేళకు సముద్రం పోటు మీద ఉంటే నీరు ఎటు పోవాలి? పక్కనున్న పల్లంలోకే. ఆ పల్లాన్ని ఖాళీ జాగా అనుకోవడంతోనే వస్తోంది చిక్కంతా.

మన గోస్తనీ, శారద నదులు గోదావరి లాంటివి కావు. కనుమల్లో కుండపోత కురిస్తే గంటల్లో పొంగి, అంతే వేగంగా తీసేస్తాయి. రోజుకొక్కసారి మట్టం రాసుకుంటే అసలు ఉద్ధృతి లెక్కలోకే రాదు. గంటగంటకూ నమోదు చేసే పరికరాలు కావాలి. ఇక గోస్తనీలో ఇసుక సంగతి: భీమిలి వైపు ఊటబావులకు నీటిని వడకట్టి ఇచ్చేది ఆ ఇసుకే. దాన్ని లారీలకెత్తడమంటే నీళ్లట్యాంకును ముక్కలుచేసి అమ్ముకోవడమే.

వరద మైదానాల్లో కట్టడాలను నియంత్రించే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ చట్టం చేసుకున్నాయి. మనం చేయలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక కూడా!

పెద్ద అధ్యయనానికి నిధులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. వరద తీశాక గెడ్డ ఒడ్డున ముళ్లకంపలకు, కరెంటు స్తంభాలకు చెత్త, పాలిథీన్ సంచులు ఒకే ఎత్తున చిక్కుకుని ఉంటాయి. నీరెంత ఎత్తుకు వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే. పారిశుద్ధ్య సిబ్బంది తీసేయకముందే సర్వేయర్లు వెళ్లి ఆ గుర్తులు కొలిచి రాసుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విద్యార్థులను తోడు తీసుకుంటే పని ఇంకా తేలిక. ఏటా ఇలా చేస్తే నాలుగైదేళ్లలో ముంపు హద్దు దానంతటదే తేలుతుంది.

నగరపాలక సంస్థ మేఘాద్రిగెడ్డ దిగువన ఈ వానాకాలంలోనే ఆ పని మొదలుపెట్టాలి. హద్దురాళ్లు పాతి, పటాన్ని వార్డు సచివాలయాల్లో అంటించే వరకూ అక్కడ కొత్త లేఅవుట్లకు అనుమతులు ఆపాలి.

– ఒక పాఠకుడు, గోపాలపట్నం, విశాఖపట్నం