హైక్ లెటర్ ఇచ్చి పాత జీతమే వేస్తుంటే

సంపాదకులకు,

ఏప్రిల్‌లో హైక్ లెటర్ (జీతం పెంచుతున్నామన్న లేఖ) చేతిలో పెట్టి, ఆగస్టు దాకా పాత జీతమే వేసే యాజమాన్యాలు తక్కువేం లేవు. అడిగితే 'వచ్చే క్వార్టర్ చూద్దాం' అంటారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో, హైక్ లెటర్‌లోనో, యూనియన్‌తో కుదిరిన వేతన ఒప్పందంలోనో ఎంత పెంచేదీ, ఎప్పటి నుంచో రాసి ఉంటే అది జీతం బకాయే. 'యాజమాన్య విచక్షణ మేరకు' అన్న ముక్క ఉంటే మాత్రం కేసు సగం నీరుగారినట్టే. మేనేజర్ నోటిమాటగా చెప్పి ఉంటే ఆ రోజే మెయిల్ పెట్టాలి: 'మీరు ఈ రోజు చెప్పిన ప్రకారం ఏప్రిల్ 1 నుంచి నా జీతం నెలకు రూ.3,000 పెరుగుతుంది.' కాదని జవాబు రాకపోతే అదీ ఒక ఆధారమే.

తర్వాత యాజమాన్యానికి అర్జీ. బాధంతా వెళ్లగక్కే నాలుగు పేజీలు ఎవరూ చదవరు, లెక్క కావాలి. 'మీ ఫలానా తేదీ లేఖ ప్రకారం నెలకు రూ.3,000 పెరగాలి. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు 5 నెలల బకాయి రూ.15,000. 15 రోజుల్లో చెల్లించగలరు.' ఇంతే. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకోవాలి. తీసుకునేది లేదంటే స్పీడ్ పోస్టు చేసి (రిజిస్టర్డ్ పోస్టును 2025లో అందులోనే కలిపేశారు), అందినట్టు ట్రాకింగ్ ప్రింటు తీసి ఉంచుకోవాలి.

అప్పటికీ కదలకపోతే కార్మిక శాఖే దిక్కు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమ్‌కు 3 ఏళ్ల గడువుంది. పాత వేతన చెల్లింపు చట్టంలో 12 నెలలే. బకాయికి 10 రెట్ల వరకు పరిహారం వేయవచ్చు. చెల్లించామని రుజువు చేసుకునే భారం యజమానిదే. మేనేజర్లకు, సూపర్‌వైజర్లకు ఇవేవీ వర్తించవని హెచ్ఆర్ వాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఈ కోడ్‌లో 'ఉద్యోగి' అంటే వాళ్లు కూడా. పదిమందిదీ ఒకే సమస్య అయితే ఒకే దరఖాస్తు చాలు, రిజిస్టరైన యూనియనైనా వేయవచ్చు. ఒక్కరే వెళ్లి యాజమాన్యం కంట్లో పడేకంటే ఇది మేలు. బ్యాంకులు, రైల్వే, బొగ్గు గనులవాళ్లు మాత్రం కేంద్ర కార్మిక కమిషనర్ అధికారుల దగ్గరకే వెళ్లాలి. రాష్ట్ర కార్యాలయంలో ఇస్తే పరిధి కాదని తిప్పి పంపుతారు, ఈలోగా నెలలు గడిచిపోతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది రాజీనామా దగ్గర. ఆఫీసు మెయిల్ ఆపేస్తారు, హైక్ లెటర్ అందులోనే ఉండిపోతుంది. దాన్ని ముందే ప్రింటు తీసుకోవాలి. ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్క తేల్చే) కాగితంలో 'నాకు ఇక ఎలాంటి బకాయిలూ లేవు' అన్న వాక్యం కింద సంతకం అడుగుతారు. దాని పక్కనే 'ఇంక్రిమెంట్ బకాయి రూ.15,000పై నా హక్కు వదులుకోలేదు' అని సొంత దస్తూరీతో రాసి, సంతకం చేసి, ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. రాజీనామా చేసినవారి వేతనాలు 2 పనిదినాల్లో చెల్లించాలని అదే కోడ్ 17వ సెక్షన్ చెబుతోంది. 'సంతకం పెడితేనే చెక్కు' అనే బెదిరింపుకు అందులో చోటు లేదు.

– ఒక కార్మిక న్యాయవాది, విజయవాడ