మేం వచ్చాం, మీరు రాలేదని రాశారు

రాజమహేంద్రవరం,
19 నవంబరు 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
ఆన్‌లైన్ హోటల్ బుకింగ్ సంస్థ.

విషయం: హైదరాబాద్ లకడీకాపూల్‌లోని హోటల్లో నవంబరు 8, 9 తేదీలకు డబ్బు కట్టి బుక్ చేసుకున్న రెండు గదులు ఇవ్వకపోగా, మేం అసలు రాలేదని నమోదు చేసి డబ్బు వాపసు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా/అమ్మా,

ఈ నెల 10న మీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. 13న జవాబొచ్చింది. మేం హోటల్‌కు రాలేదు కాబట్టి డబ్బు తిరిగి రాదట. దాని కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టారు. అందుకే ఈసారి ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మీ కాల్ సెంటర్ వాళ్లు వినిపించిన సంగీతాన్ని మేం 40 నిమిషాలు ఓపిగ్గానే విన్నాం.

మేం నలుగురం ప్రభుత్వ పాఠశాలల్లో టీచర్లం. ఒకప్పుడు ఒకే హైస్కూల్లో పనిచేశాం. ఆ తర్వాత బదిలీల్లో కోరుకొండ, కడియం, రాజానగరం, సీతానగరం అంటూ తలో మండలానికి చెదిరిపోయాం. నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్లాలని పదకొండేళ్లుగా అనుకోవడమే. ఒకసారి పిల్లల ఇంటర్ పరీక్షలు, ఒకసారి అత్తగారి ఆపరేషన్, ఒకసారి ఎన్నికల డ్యూటీ. ఈ నవంబరు రెండో శనివారానికి మాత్రం ఎలాగో కుదిరింది. భర్తలు, పిల్లలు లేకుండా మేం చేసిన మొదటి ప్రయాణం ఇది. ఇదంతా మీకెందుకంటారేమో. ఆ రెండు రోజులు మాకెంత అపురూపమో తెలియాలనే రాస్తున్నాను.

అక్టోబరు 25న మీ యాప్‌లో రెండు గదులు బుక్ చేశాను. ఆదివారం రాత్రి రైలెక్కేదాకా గది చేతిలో ఉండాలని రెండు రాత్రులకు తీసుకున్నాం. గదికి రాత్రికి 2,340 చొప్పున 9,360 రూపాయలు. మామూలుగా గదిలోకి రానిచ్చేది మధ్యాహ్నం 12కు కాబట్టి, పొద్దున్నే దిగేందుకు ఇంకో 600 కట్టించుకున్నారు. మొత్తం 9,960. "మీ గది ఖాయమైంది" అని మీరు పంపిన మెసేజ్ నా ఫోన్లో ఇంకా ఉంది.

శుక్రవారం రాత్రి రైలెక్కాం. శనివారం పొద్దున సికింద్రాబాద్‌లో దిగి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, 7:50కి హోటల్ రిసెప్షన్ ముందు నిలబడ్డాం. అక్కడున్న అబ్బాయి నా ఫోన్ చూసి, కంప్యూటర్ చూసి, మళ్లీ నా ఫోన్ చూశాడు. "మేడమ్, ఈ బుకింగ్ మాకు రాలేదు. ఈ యాప్ వాళ్లతో మా ఓనర్ రెండు నెలల కిందటే మానేశారు. పాత బాకీలు ఇవ్వలేదని" అన్నాడు. మాకిచ్చేందుకు ఖాళీ గదులు కూడా లేవు, లోపలేదో పెళ్లివారు దిగారు.

8:05కు మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేశాను. 40 నిమిషాల సంగీతం తర్వాత ఒకమ్మాయి పలికి, శంషాబాద్ వైపు వేరే హోటల్ చూపిస్తానంది. మేం చూడ్డానికొచ్చింది చార్మినార్, విమానాశ్రయం కాదు. ఇరవై కిలోమీటర్ల అవతలకు సామాన్లతో ఎలా వెళ్తామని అడిగితే, "పైవాళ్లకు చెబుతాను, 48 గంటల్లో స్పందిస్తారు" అంది. 48 గంటలకు మేం తిరిగి బడిలో ఉంటాం. ఆ మాటే చెబితే లైను కట్టయింది.

గోల్కొండ కోట కింద గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిసార్‌లో వినబడుతుందని మా సోషల్ మేడమ్ ఏటా పాఠం చెబుతుంది. ఆ పొద్దున మేం అంతకంటే గట్టిగానే మొత్తుకున్నాం, మీకు మాత్రం వినబడలేదు.

ఆ హోటల్ అబ్బాయిని మాత్రం ఏమీ అనలేను. మా కోసం టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. మా సైన్స్ మేడమ్ అడిగితే హోటల్ లెటర్‌హెడ్ మీద, మేం 7:50కి వచ్చామనీ, మా పేరున బుకింగ్ లేదు కాబట్టి గది ఇవ్వలేదనీ రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. దాని ప్రతి జత చేస్తున్నాను.

చివరికి నాంపల్లిలో వేరే హోటల్ దొరికింది. గదికి రాత్రికి 3,100. మధ్యాహ్నం 12 దాటితే గానీ తాళాలివ్వమన్నారు. అప్పటిదాకా సామాన్లకు కాపలాగా నలుగురం వాళ్ల సోఫాలో కూర్చున్నాం. ఇక్కడ మాకు పోయిందేమిటో డబ్బులో చెప్పలేను. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంట గంటకూ లోపల్నుంచి ఒక చిన్న గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కొడతాడని ఆ సమయానికి జనం ఎక్కువగా చేరతారు. సోషల్ మేడమ్ ప్లానంతా ఆ పన్నెండు గంటల చుట్టూనే అల్లింది. మేం అక్కడికి చేరేసరికి ఒంటిగంట దాటింది. పన్నెండు దెబ్బలు వినాల్సినవాళ్లం రెండు విని వచ్చాం.

ఇక అసలు సంగతి. సాయంత్రం లాడ్‌బజార్‌లో లక్క గాజులు బేరమాడుతుండగా ఫోన్ తీస్తే, మీ యాప్‌లో పొద్దుట 8:40కి వచ్చిన మెసేజ్ కనిపించింది. "క్షమించండి. ప్రదర్శన లేదు. వాపసు వర్తించదు." ఆ రాత్రికి మేం గోల్కొండలో సౌండ్ అండ్ లైట్ షోకు వెళ్దామనుకున్నాం. షో వివరాలు మీ యాప్‌లోనే చూసుకున్నాం కూడా. ప్రదర్శన లేదంటే ఆ షో రద్దయిందని కాక ఇంకేమనుకుంటాం? అయ్యో అనుకుని, గోల్కొండ మానేసి గదికి వచ్చేశాం.

రాత్రి లెక్కల మేడమ్ వాళ్లమ్మాయి ఫోన్ చేసింది, బీటెక్ చదువుతోంది. ఆ మెసేజ్ చదివి వినిపిస్తే పకపకా నవ్వింది. "అమ్మా, అది నో షో. మీరు హోటల్‌కు రాలేదని అర్థం" అంది. నేను 26 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. నాకే అర్థం కాని తెలుగు అది. మర్నాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటున్నంతసేపూ నా బుర్రలో అదే తిరిగింది.

నా ప్రశ్నలు ఇవి. మామూలుగా గదిలోకి రానిచ్చేదే మధ్యాహ్నం 12కు అయితే, పొద్దున్న 8:40కే మేం రాలేదని ఎలా తేల్చారు? ఆ నిమిషానికి నేను మీ కాల్ సెంటర్ లైన్లోనే ఉన్నాను. మేం రాలేదని మీకు చెప్పిందెవరు? మీతో రెండు నెలలుగా లావాదేవీలే లేవంటున్న హోటల్ చెప్పిందా? తెగిపోయిన హోటల్‌ను యాప్‌లో ఎందుకు ఉంచారు, దాని పేరున డబ్బెందుకు తీసుకున్నారు?

మాకు రావలసినవి: మీకు కట్టిన 9,960, నాంపల్లిలో గదులకు అదనంగా పడిన 3,040 (అక్కడ కట్టింది 12,400), ఆటోలకు 240, వెరసి 13,240 రూపాయలు. లెక్క మా లెక్కల మేడమ్ వేశారు, తప్పు పోదు. గోల్కొండకూ, ఆ పన్నెండు దెబ్బలకూ ప్రస్తుతానికి ఏమీ వేయలేదు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నా ఫిర్యాదు 10వ తేదీది కాబట్టి డిసెంబరు 10 వరకూ చూస్తాను. ఆ తర్వాత 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, అక్కణ్నుంచి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్నవాళ్లు తాము ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. అక్కడైతే గోల్కొండ లెక్క కూడా కలుపుతాం. పిలుపొచ్చినప్పుడు మీ తరఫున ఎవరూ రాకపోతే, రాలేదని అక్కడ నిజంగానే రాస్తారు.

ఇంకో చిన్న పని. యాప్‌లో ఆ "ప్రదర్శన లేదు" తీసేసి "అతిథి రాలేదు" అని పెట్టండి. అబద్ధమైనా కనీసం తెలుగులో ఉంటుంది.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)

జతపరచినవి: బుకింగ్ రసీదు, హోటల్ ముద్రతో ఉన్న కాగితం ప్రతి, 8వ తేదీ కాల్ వివరాలు, నాంపల్లి హోటల్ బిల్లు, మీ 8:40 మెసేజ్ స్క్రీన్‌షాట్.