పిల్లల ఆసనాలకు స్టాప్‌వాచ్ పెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను రాజమహేంద్రవరంలో ఉంటాను. ఆర్టీసీలో 29 ఏళ్ళు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్ళు మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం రూట్‌లోనే బస్సు నడిపాను. మొన్న మా మనవరాలి స్కూల్లో జరిగిన యోగా పోటీ చూసి వచ్చినప్పటి నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాప నాలుగో తరగతి. ఒక్కొక్కరినీ పిలిచి వచ్చిన ఆసనం వేయమన్నారు. ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఎంత ఎక్కువ వంగితే, ఎంత ఎక్కువసేపు ఆగితే అన్ని మార్కులు. మా పిల్ల చక్రాసనం వేసింది. మోచేతులు వణుకుతున్నాయి. పళ్ళు బిగబట్టింది, ఊపిరీ బిగబట్టింది. మొహం కందగడ్డలా అయిపోయింది. చుట్టూ చప్పట్లు. మూడో ప్రైజు వచ్చింది. ఆ రాత్రి నడుం నొప్పని ఏడిస్తే వాళ్ళమ్మ నూనె రాసి పడుకోబెట్టింది.

పాప తర్వాత ఒక బాబు వచ్చాడు. పద్మాసనం వేసి కళ్ళు మూసుకున్నాడు. భుజాలు వదులుగా ఉన్నాయి, ఊపిరి తీస్తున్నట్టు కూడా తెలియడం లేదు. వాడి మొహం చూస్తుంటే నాకే హాయిగా అనిపించింది. అర నిమిషం కాకుండానే "ఇది ఈజీ కదా, ఇంకేమైనా వచ్చా?" అని అడిగారు. రాదన్నాడు. పక్కకు పంపేశారు. నా దృష్టిలో ఆ రోజు ఆసనం వేసింది ఆ బాబు ఒక్కడే.

ఆసనం అన్న మాటకు అర్థమే కూర్చునే చోటు. వినాయక చవితి పూజలో "ఆసనం సమర్పయామి" అని అక్షింతలు వేస్తాం కదా, అదే మాట. గీత ఆరో అధ్యాయంలో మరీ ఎత్తుగా, మరీ పల్లంగా కాకుండా వేసుకోమన్నదీ ఆ ఆసనాన్నే. యోగశాస్త్రం మీద పతంజలి రాసిన సూత్రాలు 196 అని లెక్క చెబుతారు. వాటిలో ఆసనం గురించి సూటిగా చెప్పినవి మూడే మూడు. ఏ ఒక్క ఆసనం పేరూ వాటిలో లేదు. "స్థిరసుఖమాసనం" అన్నాడంతే. కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి. వణికే చేతుల్లో ఈ రెండిట్లో ఏదుందో పోటీ పెట్టినవాళ్ళే చెప్పాలి.

ఈ సంగతులు నాకు తెలిసింది రిటైరయ్యాకే. ఘాట్ రోడ్డులో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగింది. ఉద్యోగాన్ని తప్పుపట్టను, మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. పొద్దున్నే గోదావరి గట్టున నడుస్తుంటే అక్కడ యోగా చెప్పే ఒక పెద్ద మాస్టారు కనబడ్డారు. మోకాలి నొప్పికి ఏదైనా ఆసనం చెప్పమన్నాను. ఆయన దుప్పటి నాలుగు మడతలు పెట్టి నా కింద వేసి "ముందు కూర్చోవడం నేర్చుకో నాయనా" అన్నారు. నెల రోజులు అదే పాఠం. ఒకరోజు దగ్గరకొచ్చి నా దవడ మీద వేలు పెట్టి "ఇక్కడ ఎవరితో పోట్లాడుతున్నావు?" అని అడిగారు. అప్పుడు చూసుకుంటే నా పళ్ళు గట్టిగా కరుచుకుని ఉన్నాయి. వదిలేశాను. దవడతో పాటు మెడ, మెడతో పాటు భుజాలు వాటంతటవే దిగాయి. 29 ఏళ్ళు సీట్లో కూర్చున్నవాణ్ణి, కూర్చోవడం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

ఆసనం గురించిన ఆ మూడింటిలో రెండో సూత్రంలో ప్రయత్నాన్ని సడలించమని ఉందట. మాస్టారు ఆ మాట చెప్పగానే నాకు స్టీరింగ్ గుర్తొచ్చింది. కొత్త డ్రైవర్ దాన్ని గొంతు పిసికినట్టు పట్టుకుంటాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి భుజాలు పీకేస్తాయి. అనుభవం వచ్చాక చెయ్యి వదులవుతుంది, పట్టు మాత్రం పోదు. అలా వదులుగా పట్టుకున్నప్పుడే బండి మాట చేతికి వినపడుతుంది. ఆసనంలోనూ ఒంటి మాట వినపడాలంటే బిగింపు పోవాలి. మూడో సూత్రం, ఇలా కుదిరితే చలీ వేడీ లాంటి జంటలు మనిషిని కొట్టలేవు అంటుంది. ఎండాకాలంలో పక్కనే మరిగిపోయే ఇంజన్‌తో చింతూరు దాకా వెళ్ళినవాణ్ణి కాబట్టి ఆ మాట విలువ నాకు తెలుసు.

వంగే ఆసనాలు వద్దని నేననడం లేదు. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం ఆసనం వల్ల స్థిరత్వం, ఆరోగ్యం, ఒంటికి తేలిక వస్తాయని చెబుతుంది. నా మోకాలికీ ఉపశమనం దొరికింది. (డాక్టరు గారిని అడిగే చేస్తున్నాను. వజ్రాసనం వద్దన్నారు, మానేశాను.) అదే గ్రంథం శివుడు చెప్పినవి 84 ఆసనాలని, వాటిలో ముఖ్యమైనవి నాలుగని అంటుంది. సిద్ధ, పద్మ, సింహ, భద్ర. నాలుగూ కూర్చునేవే. శవాసనం అలసట తీరుస్తుందనీ మనసుకు విశ్రాంతి ఇస్తుందనీ కూడా అందులోనే ఉంది. పోటీలో పిల్లలెవరి చేతా శవాసనం వేయించలేదు. ఒట్టి ఒళ్ళు విరుచుకునే యోగం జెట్టిసాము (మల్లుల కసరత్తు) కన్నా చింతాకు తక్కువేనని మన వేమన ఏనాడో అన్నాడు.

2025 జూన్ 21న, యోగా దినోత్సవం రోజు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేస్తుంటే టీవీలో చూసి గర్వపడ్డాను. ఆ రోజు కోసం కేంద్రం తయారుచేసిన 45 నిమిషాల కార్యక్రమంలో ఆసనాలతో పాటు ప్రాణాయామం, ధ్యానం కూడా ఉంటాయి. స్కూళ్ళకు వచ్చేసరికి ఆ చివరి భాగం ఎగిరిపోయి ఫోటోకి బాగుండే వంపులు మాత్రం మిగులుతున్నాయి.

కాబట్టి విద్యాశాఖ వారికి, స్కూళ్ళు నడిపేవారికి మీ పత్రిక ద్వారా ఒక మనవి. దయచేసి ఆసనాలకు పోటీ పెట్టకండి. పెట్టక తప్పదంటే పిల్లవాడి నడుం చూడకండి, మొహం చూడండి, ఊపిరి చూడండి. ఊపిరి బిగబట్టిన పిల్లను వెంటనే ఆపి కూర్చోబెట్టండి. యోగా పీరియడ్‌లో చివరి పది నిమిషాలు పిల్లలు ఊరికే కూర్చోవడానికి వదిలిపెట్టండి.

మా ఇంట్లో అది మొదలుపెట్టాం. దీపాలు పెట్టే వేళకి పాప, నేను అరుగు మీద చెరో దుప్పటి మడతపెట్టుకుని కూర్చుంటున్నాం. మొదటి రోజు రెండు నిమిషాలకే లేచిపోయింది. నిన్న కళ్ళు తెరవకుండానే మెల్లగా అడిగింది, "తాతయ్యా, దోమ కుడితే కదలొచ్చా?" అని. కదలొచ్చమ్మా అన్నాను. కాసేపు ఆగి, "వెళ్ళిపోయిందిలే" అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్,
రాజమహేంద్రవరం